గండికోటలో ఫొటోలు బాగొచ్చాయి, ఆ లాడ్జి మాత్రం వద్దు

కడప జిల్లాలో పెన్నా నది లోయ అంచున ఉన్న గండికోటకి పోర్ట్రెయిట్లు, అంటే మనుషుల ఫొటోలు తీయడానికి వెళ్లేవాళ్లకి ముందే చెప్తున్నా. ఏ లెన్సు పట్టుకెళ్లాలన్నది తర్వాత చూసుకోవచ్చు, రాత్రి పడుకునే చోట గేటు తాళం ఎవరి దగ్గరుంటుందో కనుక్కోండి. మాకు దక్కాల్సిన తెల్లవారుజాము వెలుగంతా జమ్మలమడుగులో ఒక లాడ్జి షట్టర్ వెనకాల పోయింది.

వెళ్లింది మా పిన్ని కూతురి ప్రీ వెడ్డింగ్ ఫొటోల కోసం. స్టూడియో వాళ్లు రూ.70,000 అడిగితే, దాంతో నాలుగు పట్టుచీరలొస్తాయని లెక్కగట్టి పిన్ని ఆ పని నాకు అప్పజెప్పింది. "పెళ్లి కాకుండా వాళ్లిద్దర్నే ఎట్లా పంపుతాంరా" అంటూ తనూ కారెక్కింది. హైదరాబాద్ నుంచి కర్నూలు, బనగానపల్లె మీదుగా సాయంత్రానికి చేరిపోయాం.

లాడ్జిలో గది రూ.1,100 అని ఫోన్లో చెప్పారు. దిగాక ఏసీ రిమోట్ కావాలంటే ఇంకో రూ.300 అన్నారు, అలా రెండు గదులకి కలిపి రూ.2,800. సరే పోనీ అనుకున్నాం. పొద్దున ఐదుకే బయల్దేరాలి, తలుపు తీస్తారు కదా అని కౌంటర్లో మరీ మరీ అడిగా. "ఎప్పుడైనా పోవచ్చు సార్, ఇరవై నాలుగ్గంటలూ మనిషుంటాడు" అన్నాడు. ఐదుకి కిందికొస్తే షట్టర్ దించి తాళం వేసుంది, ఆ మనిషి లేడు, ఫోన్ చేస్తే పై గదిలో మోగుతోంది, ఆ గదికీ తాళమే! రాత్రిపూట నిప్పంటుకుంటే ఏం చేస్తారో మరి. చెల్లి మూడున్నరకే లేచి చీర కట్టుకుని, జడలో పూలు పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. కాబోయే బావగారు మొదట జోకులేశారు, తర్వాత మాట్లాడటం మానేశారు. పిన్ని మాత్రం ఆపకుండా తిడుతూనే ఉంది. ఆరుంబావుకి పాల ప్యాకెట్లతో తీరిగ్గా వచ్చాడు, ఇంటికెళ్లి పడుకున్నాట్ట. డబ్బులు కొంత తగ్గించమంటే మేనేజర్ అన్న మాట: "గదిలో పడుకున్నారు కదా సార్."

ఊరి నుంచి కోట దాదాపు 15 కిలోమీటర్లు. మేం లోపలికెళ్లేసరికే ఎండ కళ్లలో పొడుస్తోంది, ఇంకో గంటకి కనుబొమ్మల నీడ కళ్ల మీద పడిపోతోంది. లోయ అంచు ఆలోచన వదిలేసి కోట లోపలున్న పాత ధాన్యాగారం వైపు నడిచాం. నన్నడిగితే కోటలో పోర్ట్రెయిట్లకి అసలైన చోటు అదే, అందరూ లోయ వెంట పడతారు గానీ. గుమ్మం నుంచి రెండడుగులు లోపల నిలబెట్టి, ముఖం బయటికి తిప్పమంటే చాలు, ఎండపడ్డ నేల మీంచి వెనక్కొచ్చే వెలుగు ముఖమంతా సమంగా పడుతుంది, వెనకాల మొత్తం చీకటి. ఒకరికైతే ముఖాన్ని దగ్గరగా చూపే 85 ఎంఎం లెన్సు ఎఫ్ 2 దగ్గర సరిపోయింది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ ముందూ వెనకా ఎక్కువ దూరం స్పష్టంగా వస్తుంది), ఇద్దరున్నప్పుడు ఎఫ్ 4కి వెళ్లాను, లేకపోతే వెనకున్న మనిషి కళ్లు మసకబడిపోతాయి. ఒక చిక్కుంది, అక్కడి రాయంతా ఎరుపు. గోడకి దగ్గరగా నిలబడితే ఆ ఎరుపు చెంపల మీదికొస్తుంది, రంగుల్ని తనంతట తనే సరిచేసే కెమెరా ఆటో వైట్ బ్యాలెన్సుని నమ్మొద్దు. రంగుల కొలతకి ఒక గ్రే కార్డు (బూడిదరంగు అట్ట) పెట్టి, కెమెరా ఏమీ మార్చని రా ఫైల్లో తీసుకుంటే ఇంటికొచ్చాక దిద్దుకోవచ్చు.

కోటలోనే ఉన్న మాధవరాయ గుడి మండపం స్తంభాల మధ్య కూడా మంచివొచ్చాయి. అక్కడ ఒకాయన ట్రైపాడుకి రూ.500 కట్టమన్నాడు. పురావస్తు శాఖ కట్టడాల్లో స్టాండుకి ముందే అనుమతి తీసుకోవాలి, అది తెలిసే మాది కార్లోనే వదిలొచ్చాం, చేతిలో ఉన్నది వెలుగుని ముఖం మీదికి తిప్పే రిఫ్లెక్టర్, అదీ మడిచి. రసీదు ఇస్తారా అంటే మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

చెల్లి మళ్లీ నవ్వింది టిఫిన్ బండి దగ్గరే. ఉగ్గాని, మిరపకాయ బజ్జి, ప్లేటు రూ.40, నలుగురికీ రూ.160. బొరుగులు నానబెట్టి తాలింపేస్తే ఇంత రుచి వస్తుందా అని పిన్ని బండావిడ దగ్గర కూర్చుని మొత్తం రాబట్టింది. పట్టుచీర మీద పసుపు మరక పడుతుందేమోనని కాబోయే బావగారే తినిపించారు. ఫోన్లో లాగేసిన ఆ ఒక్క ఫొటో రేపు శుభలేఖ మీదికెక్కుతోంది, నా లెన్సులన్నీ దండగ.

మధ్యాహ్నం బెలూం గుహలకెళ్లాం. చూడ్డానికి బాగుంది. లోపల ఒకటే ఉక్క, ఏసీ కార్లోంచి దిగిన కెమెరా లెన్సుకి వెంటనే ఆవిరి పట్టేసింది, మేకప్ కారిపోయింది. ఫొటోలకైతే వద్దు.

రెండో రాత్రి కోట దగ్గరే టెంట్లలో, ఒక్కోటి రూ.1,200. గాలికి గుడ్డ రాత్రంతా కొట్టుకుంటూనే ఉంది, బాత్రూమ్ దూరం, పిన్ని సరిగ్గా నిద్రపోలేదు. కానీ తాళాల గొడవ లేదు, ఐదున్నరకి చెప్పులేసుకుని నడుచుకుంటూ లోయ అంచుకెళ్లిపోయాం. సూర్యుడు పైకి రాకముందు ఉన్న వెలుగుకి ఫ్లాష్ కూడా అక్కర్లేదు, ముఖమూ, కింద పెన్నా నదీ రెండూ ఒకే ఎక్స్‌పోజర్లో వచ్చేశాయి. 85 ఎంఎంకి లోయ పట్టదు, ఇంకా వెడల్పుగా చూపే 35 ఎంఎం వాడండి. అంచున చాలాచోట్ల అడ్డుకట్టేమీ లేదు, గాలి మాత్రం గట్టిగా వస్తుంది, అక్కడ రిఫ్లెక్టర్ విప్పితే తెరచాపే. పోజు కోసం వెనక్కి జరగమని ఎవరికీ చెప్పొద్దు, మీరే వెనక్కి జరగాలంటే ముందు తిరిగి చూసుకోండి.

బస అయితే, పెద్దవాళ్లుంటే కోట దగ్గరున్న టూరిజం వారి హరిత హోటల్ ముందే బుక్ చేసుకోండి, మాకు గదులు దొరకలేదు. కుర్రాళ్లకి టెంటు చాలు. శని, ఆదివారాలైతే పొద్దున ఆరుకే లోయ అంచున సెల్ఫీల వాళ్లుంటారు, ఎటు తిప్పినా ఎవరిదో ఒక భుజం ఫ్రేములోకొస్తుంది, సెలవు పెట్టుకునైనా మామూలు రోజు వెళ్లండి.