70డీ నుంచి ఆర్6కి: పాత బ్యాటరీలు, కార్డులు ఎంతవరకు పనికొచ్చాయి?

కెనాన్ 70డీతో ఏళ్ల తరబడి పెళ్లిళ్లు తీసి, తర్వాత ఆర్6కి మారాను. ఇప్పటికీ రెండు కెమెరాలూ ఒకే బ్యాగులో తిరుగుతున్నాయి. ఆర్6 తీసుకోవడానికి పెద్ద కారణం, నా దగ్గరున్న బ్యాటరీలు అందులోనూ పట్టడమే.

2008లో 5డీ మార్క్ 2 కెమెరాతో వచ్చిన ఎల్‌పీ-ఈ6 బ్యాటరీ ఆకారాన్ని కెనాన్ 7డీ, 60డీ, 6డీ, 70డీ, 80డీల్లోనూ, తర్వాత మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలైన ఆర్, ఆర్6ల్లోనూ కొనసాగించింది. అయితే బ్యాటరీ పట్టింది కదా అని అంతటితో ఆగకండి, పేరు చివర అక్షరాలు చూడండి. ఈ6 అంటే 1800 ఎంఏహెచ్ (ఛార్జ్ పట్టే సామర్థ్యం), ఈ6ఎన్ 1865, ఈ6ఎన్‌హెచ్ 2130. మెకానికల్ షట్టర్‌తో (నిజంగా కదిలే తెరతో) ఆర్6 సెకనుకు 12 ఫొటోలు కొట్టాలంటే ఎన్‌హెచ్ ఉండాలి, అందులో ఛార్జ్ కూడా బాగా ఉండాలి. పాతవి వేస్తే వేగం తగ్గుతుంది. తలంబ్రాల దగ్గర ఆ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఇంకో ముఖ్యమైన విషయం: కెమెరాలోనే ఉంచి యూఎస్‌బీతో ఛార్జ్ చేయడం ఎన్, ఎన్‌హెచ్‌లకే కుదురుతుంది. చివర అక్షరాల్లేని పాత ఈ6కి విడి ఛార్జర్ తప్పనిసరి.

బ్యాటరీల ఖర్చు కూడా ముందే లెక్కేసుకోండి. వ్యూఫైండర్‌లో (కన్ను పెట్టి చూసే చోట) చూస్తూ తీస్తే ఒక ఫుల్ ఛార్జ్‌కి 70డీకి కంపెనీ చెప్పే లెక్క 920 ఫొటోలు, ఆర్6కి 380. అందుకే బ్యాటరీల సంఖ్య పెంచక తప్పలేదు. ఛార్జ్ చేసినవాటిని గుర్తుపట్టడానికి బ్యాటరీ మూతే చాలు. దాని మీద బ్యాటరీ ఆకారంలో చిన్న కన్నం ఉంటుంది. మూత ఒక వైపు తిప్పి పెడితే అందులోంచి నీలం రంగు కనిపిస్తుంది, ఇంకో వైపు పెడితే కనిపించదు. నీలం కనిపిస్తే ఫుల్ ఛార్జ్ అని పెట్టుకున్నాం. నాతో వచ్చే కుర్రాళ్లకూ ఇదే అలవాటు చేశాను. చవకగా దొరికే వేరే కంపెనీ బ్యాటరీ ఒకటి 70డీలో బాగానే నడిచింది, ఆర్6లో వేస్తే మాత్రం గుర్తించలేకపోతున్నానని స్క్రీన్ మీద హెచ్చరిక వచ్చింది. ముహూర్తం టైంలో ఆ టెన్షన్ అక్కర్లేదు, ఒరిజినలే కొనండి.

కార్డుల విషయం తేలిక. రెండింటికీ ఎస్‌డీ కార్డే. 70డీ స్లాటు యూహెచ్ఎస్-1, ఆర్6లో రెండు స్లాట్లూ అంతకంటే వేగమైన యూహెచ్ఎస్-2. కార్డు వెనక్కి తిప్పితే యూహెచ్ఎస్-2కి రెండు వరసల పిన్నులు కనిపిస్తాయి. ఏ కార్డు ఎందులో వేసినా నడుస్తుంది, కాకపోతే వేగం తక్కువదాని ప్రకారమే. పాత కార్డుతో ఆర్6లో రా ఫొటోలు (కుదించని పెద్ద ఫైళ్లు) వరసగా కొడితే బఫర్, అంటే కార్డుకు ఎక్కేలోపు ఫొటోలు ఆగే కెమెరా మెమరీ, నిండిపోతుంది, ఖాళీ అయ్యేదాకా ఆగాల్సిందే. కార్డు ముందువైపు పెద్దగా వేసే అంకె చాలాసార్లు చదివే వేగం. మీరు చూడాల్సింది వీ30, వీ60 గుర్తులు. అవి రాసేటప్పటి కనీస వేగం, సెకనుకు 30, 60 ఎంబీలని అర్థం. కెమెరా మార్చినప్పుడల్లా ఫొటోలు కాపీ చేసుకుని, కార్డును ఆ కెమెరాలోనే ఫార్మాట్ చేయండి.

ఇవే బ్యాటరీలున్నవాళ్లు ఆర్6 కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ధర తక్కువని ఆర్‌పీ, ఆర్8 వైపు చూస్తుంటే మాత్రం జాగ్రత్త, వాటికి వాడేది చిన్న ఎల్‌పీ-ఈ17. ఈ6 బ్యాటరీలు వాటిలో అసలు దూరవు.