పీహెచ్‌సీ ఉద్యోగమా, గైనిక్ పీజీయా?

శ్రీకాకుళంలో ఎంబీబీఎస్ ముగించిన అమ్మాయిలు తేల్చుకోలేని ప్రశ్న ఇది.

ఖర్చు: పీహెచ్‌సీలో చేరగానే జీతం. గైనిక్ పీజీ అంటే ఎంఎస్, దానికి 3 ఏళ్లు. ప్రభుత్వ సీటైతే స్టైపెండ్, ప్రైవేటైతే చాలామందికి అప్పే.

శ్రమ: పీజీలో నిద్ర ఉండదు. పీహెచ్‌సీ తేలికనుకోవద్దు, టీకాల నుంచి పాముకాటు దాకా అన్నీ మీవే.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. గర్భిణికి గుర్రపువాతం (బీపీ పెరిగి వచ్చే ఫిట్స్) వస్తే పీహెచ్‌సీలో మెగ్నీషియం సల్ఫేట్ 10 గ్రాములు, ఒక్కో పిరుదులో 5 చొప్పున, కండలోకి ఇచ్చి 108లో పెద్దాసుపత్రికి పంపాలి. మత్తు డాక్టరు, రక్తనిధి లేనిచోట సిజేరియన్ కుదరదు. ఎంఎస్ చేస్తే ఆ ఆపరేషను మీదే, తేడా వస్తే జవాబూ మీదే.

ఆలస్యమవుతుందన్న బెంగ వద్దు. 1912లో మద్రాసులో డాక్టరు పట్టా పుచ్చుకున్న ముత్తులక్ష్మీ రెడ్డి చొరవతో అడయారు కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది 1954లో.

ఇంటి బరువుంటే ముందు పీహెచ్‌సీ, ఆపై సర్వీసు కోటా (సర్కారు డాక్టర్లకు కేటాయించే పీజీ సీట్లు). ర్యాంకుండి, ఆపరేషన్లంటే ఇష్టమైతే నేరుగా ఎంఎస్.