కోటగుమ్మం దగ్గరి నాణేల దుకాణం: చవక పళ్లెం, తాళం వేసిన బీరువా

రాజమహేంద్రవరంలో కోటగుమ్మం దగ్గర, గాజుల కొట్టుకూ వాచీలు బాగుచేసే కొట్టుకూ నడుమ ఇరుకుగా ఉన్న ఈ పాత నాణేల దుకాణం గురించి నేను రాయడానికి ప్రధాన కారణం, నెల జీతంలో కొంత మిగుల్చుకుని నాణేలు కొనేవారికి తగిన పద్ధతి ఇక్కడ కనిపించడమే. ఇరవై, యాభై రూపాయల నాణేలు ఒక పెద్ద స్టీలు పళ్లెంలోనూ, వేల రూపాయలు పలికేవి తాళం వేసిన బీరువాలోనూ ఉంటాయి. అడిగితే యజమాని రెండింటినీ ఒకే బల్ల మీద, ఒకే దీపం కింద పక్కపక్కన పెట్టి చూపిస్తారు. బీరువా తాళం తీసే ముందు మీ చెప్పులనూ చొక్కానూ బట్టి మిమ్మల్ని అంచనా వేసే అలవాటు ఇక్కడ లేదు.

పళ్లెంలో ఉన్నవన్నీ ఏరుకోదగినవి కావు. అయితే 1943 నుంచి వచ్చిన చిల్లి కాణీలు, 1957 తరువాతి నయా పైసలు, తామరపువ్వు ఉన్న ఇత్తడి రంగు ఇరవై పైసలు ఓపికగా వెదికితే మంచి స్థితిలోనే దొరుకుతాయి. తేదీ కింద చుక్క, డైమండు, నక్షత్రం వంటి గుర్తును బట్టి నాణెం ఏ టంకశాలలో తయారైందో తెలుసుకోవచ్చు. నక్షత్రం హైదరాబాదుది, డైమండు బొంబాయిది, గుండ్రని చుక్క నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కలకత్తాది. ఒక్కో సంవత్సరానికి ఈ గుర్తులన్నీ సమకూర్చుకోవడం తక్కువ ఖర్చుతో ఏళ్ల తరబడి సాగే పని. దీనిని పిల్లల ఆటగా తీసిపారేసేవారితో నేను ఏకీభవించను.

ఈ దుకాణంలో నాకు అన్నిటికన్నా నచ్చినది రూపాయల వరుస. 1938 నాటి ఆరవ జార్జి రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వెండి నూటికి 91.7 వంతులు. 1940 నుంచి వచ్చిన రూపాయిలో యుద్ధం కారణంగా వెండి సగానికి పడిపోయింది. పులి బొమ్మ ఉన్న 1947 రూపాయిలో వెండి అసలే లేదు, అది నికెల్, అయస్కాంతానికి అంటుకుంటుంది. ఈ మూడింటినీ కలిపి కొన్నా జేబుకు పెద్ద చిల్లు పడదు, ఒక సామ్రాజ్యం ఖజానా ఎలా తరిగిపోయిందో మాత్రం అరచేతిలో కనిపిస్తుంది. ఇదే వరుసలో ఖరీదైనది 1939 రూపాయి. అది చాలా అరుదు కాబట్టి, 1938లోని ఎనిమిదిని చెక్కి తొమ్మిదిగా మార్చిన నకిలీలు బజారులో తిరుగుతుంటాయి. తన దగ్గర ఉన్న 1939ని చూపేటప్పుడు యజమాని ముందుగా రెండు మామూలు 1938 నాణేలను భూతద్దం కింద పెట్టి, అంకె అంచులనూ దాని చుట్టూ నాణెం మీద ఉన్న ఖాళీ భాగాన్నీ గమనించమన్నారు. ఆ చవక నాణేలను చేత్తో పట్టి చూడనివారు ఖరీదైన దానిని కొనకపోవడమే మంచిదని ఆయన అభిప్రాయం, నాదీ అదే.

1911 నాటి ఐదవ జార్జి రూపాయి విషయంలోనూ ఇదే పద్ధతి పాటించారు. రాజు ధరించిన హారంలోని ఏనుగు పందిలా కనిపిస్తోందని అభ్యంతరాలు రావడంతో ఆ సంవత్సరపు నాణేలలో చాలా భాగాన్ని కరిగించి, 1912 నుంచి బొమ్మను సరిదిద్దారు. 1912 తరువాతి రూపాయి వెండి ధరకు కొంచెం పైన దొరుకుతుంది, 1911ది అంతకు చాలా రెట్లు పలుకుతుంది. తేడా అంతా చిటికెన వేలి గోరులో సగం కూడా లేని ఒక ఏనుగులో ఉంది కనుక, రెండూ పక్కపక్కన లేని సంగ్రహంలో 1911 నాణెం ఎందుకు ఖరీదో చూసేవారికి అర్థం కాదు.

చెన్నపట్నపు రాజధాని, అంటే మద్రాసు ప్రెసిడెన్సీ, నాణేల దగ్గర నా అభిప్రాయం మరింత గట్టిపడింది. ఇంగ్లండులో ముద్రించి మద్రాసుకు పంపిన 1808 నాటి రాగి పది, ఇరవై కాసుల నాణేలు 1809లో అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడతో పాటు ఇంగ్లీషు తీరంలోనే మునిగి, 1980లలో పెద్ద ఎత్తున బయటపడ్డాయి. అందువల్ల రెండు శతాబ్దాల నాటివైనా అవి ఇప్పటికీ చవక. అదే కాలపు వెండి పావు వరహా, ఒకవైపు నక్షత్రాల నడుమ గోపురంతో, మరోవైపు తామరలో విష్ణువుతో, చుట్టూ తెలుగు అక్షరాలతో ఉన్నది, బీరువాలో ఉంది. గోదావరి జిల్లాలు ఆ రాజధానిలో భాగం కాబట్టి దాని మీద నాకు మమకారం ఉన్నా, ముందు కాసులు కొని, కొంతకాలం ఆగి, తరువాతే పావు వరహా తీసుకున్నాను. చిల్లర తోడు లేని పెద్ద నాణెం సంగ్రహంలో పెళ్లివారింటికి ఒంటరిగా వచ్చిన చుట్టంలా ఉంటుంది.

ఏడాదికి ఒక ఖరీదైన నాణెం, మిగతా కాలమంతా పళ్లెం అన్నది యజమాని సలహా. లెక్క బాగానే ఉంది కానీ ఏడాది తిరిగింది కదా అని ఏదో ఒకటి కొనే ప్రమాదం అందులో ఉంది. వరుసలో ఖాళీ ఏర్పడినప్పుడు మాత్రమే బీరువా తెరిపించడం నా పద్ధతి.

లోపాలూ లేకపోలేదు. గోదావరిలో భక్తులు విసిరిన నాణేలను ఏరి తెచ్చేవారి దగ్గర తూకానికి కొన్న సరుకును చింతపండుతో తోమి పళ్లెంలో కలుపుతున్నారు. తోమిన రాగి తళతళలాడుతుంది కానీ దాని సహజమైన పూత పోతుంది, విలువా పోతుంది. వాటిని వేరే గిన్నెలో పెట్టి ఆ సంగతి చెప్పడం న్యాయం. నాణేలు పెట్టి ఇచ్చే మెత్తని ప్లాస్టిక్ సంచులు కూడా మంచివి కావు. మన డెల్టా ఉక్కపోతలో అవి నాణేలకు జిడ్డు పచ్చదనం అంటిస్తాయి కనుక ఇంటికి రాగానే మార్చుకోవాలి. అన్నిటికన్నా పెద్ద లోపం బిల్లు. చవక నాణేలకు బిల్లు లేకపోయినా ఫరవాలేదు. బీరువాలోని వాటికి మాత్రం సంవత్సరం, టంకశాల, బరువు, నకిలీ అని తేలితే డబ్బు తిరిగి ఇస్తామన్న మాట రాతపూర్వకంగా ఉండాలి. ఇక్కడ అడిగితేనే, అదీ కాస్త ఇబ్బందిగానే రాసి ఇస్తున్నారు.

పొలంలో దొరికాయని ఎవరైనా సీసపు శాతవాహన నాణేలు తెస్తే, 1878 నాటి నిధి చట్టాన్ని గుర్తుచేసి వారిని కలెక్టరు కార్యాలయానికి వెళ్లమంటారు. ఇది మెచ్చదగినది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల నాణేనికి లక్షలు వస్తాయని నమ్మి వచ్చేవారిని కూడా ఆశపెట్టకుండా పంపిస్తారు. తన పేరు వాడుకుని పాత నాణేలు కొంటామనే మోసగాళ్ల గురించి రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది.

వెళ్లేవారు తమ సొంత భూతద్దం, చిన్న ఎలక్ట్రానిక్ తూనిక వెంట తీసుకెళ్లడం మేలు. దుకాణంలోని తూనిక గ్రాములో పదో వంతు వరకే చూపుతుంది, వెండి రూపాయిని పరీక్షించడానికి అది చాలదు. మధ్యాహ్న భోజన వేళ తలుపులు మూసి ఉంటాయి, సాయంత్రం వెలుతురు ఉండగా వెళితే నాణేలు సరిగా కనిపిస్తాయి.