మూడు ఊళ్లు, ఇద్దరు పిల్లలు, ఒక రైస్ కుక్కర్

పిల్లలతో మా యూరప్ యాత్రకు వేసుకున్న మొదటి ప్లాన్‌లో ఆరు ఊళ్లున్నాయి: పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, జ్యూరిక్, వెనిస్, రోమ్. అన్నీ కలిపి 12 రాత్రులు. మా ఆయన ఎక్సెల్ షీట్‌లో చక్కగా ఇమిడిపోయాయి. మధ్యాహ్నం రెండయ్యేసరికి మా ఐదేళ్ల పాప ఎక్కడుంటే అక్కడే నిద్రకు పడిపోతుందన్న సంగతి మాత్రం ఏ గడిలోనూ లేదు. పైగా ఊరు మారిన ప్రతిసారీ ఒక రోజు పోయినట్టే. పొద్దున పదకొండింటికల్లా గది ఖాళీ చేయాలి, కొత్త గది మూడు దాటితే గానీ ఇవ్వరు. చివరికి మూడే ఉంచాం. పారిస్ 5 రాత్రులు, ఆమ్‌స్టర్‌డామ్ 3, రోమ్ 4. వెళ్లేటప్పుడు పారిస్‌లో దిగి, వచ్చేటప్పుడు రోమ్‌లో ఎక్కేలా టికెట్లు తీసుకున్నాం.

యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఒకటే ఇచ్చే షెంగెన్ వీసాకు ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు చేయాలి కాబట్టి మాది ఫ్రాన్స్. ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, తొమ్మిదేళ్ల మావాడికి 45, పాపకు లేదు. వీసా దరఖాస్తులు తీసుకునే కేంద్రం వాళ్ల సర్వీసు చార్జీ వేరే. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మేం బద్ధకించాం. వీసా అపాయింట్‌మెంట్ స్లాటు ఆలస్యమై, ఏప్రిల్ ఆఖర్లో సెలవులు మొదలవగానే వెళ్లాల్సినవాళ్లం 2025 మే చివరి వారంలో బయల్దేరాం. దాని ఫలితం ఆమ్‌స్టర్‌డామ్‌లో తెలిసొచ్చింది.

పారిస్‌లో నలుగురికీ కలిపి ఒకే గది ఇచ్చే హోటళ్లు తక్కువ, ఉన్నా ధర మండిపోతోంది. అందుకే వంటగది, వాషింగ్ మెషీన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఆ మాట ప్రకటనలోనే ఉంది, ఫొటోలు చూసిన మోజులో మేమే చదవలేదు. మెలికలు తిరిగిన చెక్క మెట్ల మీద రెండు పెద్ద సూట్‌కేసులు మోసిన ఆ సాయంత్రం మేం మాట్లాడుకోలేదు. అయినా ఆ వంటగది లేకపోతే ఐదు రోజులు గడిచేవి కావు. మన దగ్గర నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లనివ్వరని నెయ్యి ఇంట్లోనే వదిలేశాం, ఆవకాయ మాత్రం వెంట వచ్చింది. అక్కడ వెన్న కొని కాచాను. మొదటి రోజు తెలియక ‘దెమీ సెల్’ అని రాసున్నది తెచ్చాను. అంటే ఉప్పు వెన్నట. ఉప్పు నెయ్యితో ఆవకాయన్నం ఎలా ఉంటుందో అడక్కండి.

ఈఫిల్ టవర్ లిఫ్టు టికెట్లు 60 రోజుల ముందే వదులుతారు. మేం చూసేసరికి అయిపోయాయి. మెట్ల టికెట్టు అక్కడికక్కడే దొరికింది. రెండో అంతస్తుదాకా 674 మెట్లు, మావాడు లెక్కపెడుతూ ఎక్కేశాడు. నేనూ పాపా కింద గడ్డిలో కూర్చున్నాం, ఏమీ పోగొట్టుకోలేదు. లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూత. 18 ఏళ్లలోపు పిల్లలకు ఉచితం, పెద్దలకు అప్పుడు 22 యూరోలు. 2026 జనవరి నుంచి మనలాంటి యూరప్ బయటివాళ్లకు 32 చేశారు. మోనాలిసా దగ్గర పాపకు కనిపించింది ముందువాళ్ల వీపులే. ఈజిప్టు గదుల్లో మమ్మీని చూశాక గానీ పిల్లలకు ప్రాణం లేచిరాలేదు.

పిల్లలకు పారిస్ అంటే లక్సెంబర్గ్ గార్డెనే. కొలను దగ్గర చిన్న తెరచాప పడవ, ఒక కర్ర అద్దెకిస్తారు. పడవను కర్రతో నెట్టి, అది ఏ గట్టుకు చేరుతుందోనని చుట్టూ పరుగెత్తాలి. మరో రోజు గార్ దు నార్ స్టేషన్ పక్కన, శ్రీలంక తమిళుల దుకాణాలుండే లా షపెల్‌లో దోసెలు తిన్నాం. మెట్రో పాత లైన్లలో లిఫ్టులు అరుదు. స్ట్రోలర్ ఉన్నవాళ్లు బస్సెక్కండి, ఊరూ కనిపిస్తుంది. డిస్నీల్యాండ్ వదిలేశాం. మావాడు ఇప్పటికీ దెప్పుతూనే ఉన్నాడు.

గార్ దు నార్‌లో యూరోస్టార్ రైలెక్కితే మూడున్నర గంటల్లోపే ఆమ్‌స్టర్‌డామ్. ఎంత ముందు కొంటే అంత చవక. అక్కడి పాత ఇళ్ల మెట్లు నిచ్చెనల్లా నిటారుగా ఉంటాయని చదివి, ఈసారి బుద్ధిగా లిఫ్టున్న హోటల్ తీసుకున్నాం, సెంట్రల్ స్టేషన్ వెనక నది అవతల. అటూ ఇటూ తిప్పే పడవ ఉచితం. పిల్లలు పనిలేకపోయినా ఎక్కి తిరిగారు. ఓడ ఆకారంలో పచ్చగా కనిపించే నీమో సైన్స్ మ్యూజియంలో ఒక పూట అనుకుంటే రోజంతా పట్టింది. నాజీల నుంచి దాక్కుని డైరీ రాసిన యూదు బాలిక ఏన్ ఫ్రాంక్ ఇల్లు పిల్లలు పెద్దయ్యాకే అనుకున్నాం. ఇక క్యూకెన్‌హోఫ్ తులిప్ తోట మే 11నే మూసేశారు! పువ్వుల ఫొటో చూపించి పాపను ఊరించింది నేనే కాబట్టి తిట్లూ నేనే తిన్నాను. సైకిళ్లతో మాత్రం జాగ్రత్త. వాటికి వేసిన ఎర్రటి దారిలో కాలు పెడితే ఎవరూ ఆగరు.

రోమ్‌కు చవక విమానం అనుకున్నాం. చేతిసంచీ కొలత మించిందని గేటు దగ్గర వసూలు చేసింది చూస్తే ఆ చవక కాస్తా ఆవిరైంది. ఆ సంచీలో ఉన్నది రైస్ కుక్కరే. రోమ్ హోటల్ గదిలో వంట నిషేధం కాబట్టి అది అక్కడ బయటికే రాలేదు.

2025 కాథలిక్కులకు 25 ఏళ్లకోసారి వచ్చే జూబ్లీ అనే పవిత్ర సంవత్సరం. వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి దగ్గర జనం చూసి మా ఆయనకు పుష్కరాలు గుర్తొచ్చాయి. వాటికన్ మ్యూజియం పిల్లలతో వద్దనే చెబుతాను. గదుల వెంట గదులు నడిచి, ఆఖరికి మాట్లాడకూడని సిస్టీన్ చాపెల్‌లో పాప రాగం అందుకుంది. రోమన్ల కాలపు పెద్ద క్రీడారంగం కొలోసియం మాత్రం చూసి తీరాలి. పిల్లలకు ఉచితమే అయినా వాళ్లకూ టికెట్టు బుక్ చేయాలి, పేర్లుంటాయి కాబట్టి పాస్‌పోర్టులు చూస్తారు. పదేళ్లలోపు పిల్లలకు సిటీ బస్సు, మెట్రో ఉచితం. హోటల్లో రాత్రికింత అని కట్టే సిటీ టాక్స్ కూడా ఆ వయసువాళ్లకు లేదు.

వీధివీధికీ ‘నాసోనె’ అనే ఇనుప కుళాయిలుంటాయి. ఇరవై నాలుగ్గంటలూ చల్లటి మంచినీళ్లు కారుతూనే ఉంటాయి. చివర వేలితో మూస్తే పైనున్న రంధ్రంలోంచి నీళ్లు చిమ్మి నోట్లో పడతాయి. ఆ కిటుకు తెలిశాక మావాళ్లు ఏ కుళాయినీ వదల్లేదు. రోజుకు రెండు జతల బట్టలు తడిసేవి. గదిలో వాషింగ్ మెషీన్ లేదు, నాలుగు రోజులూ ఉతుకుడు నాదే. నాలుగు అంతస్తులు ఎక్కాల్సొచ్చినా పారిస్ ఇల్లే నయం అనిపించింది.

ఇదే ప్రయాణం మళ్లీ పెట్టుకుంటే వరుస మార్చి వెళ్తాను. ఏప్రిల్ ఆఖర్లో, ఎండలు ముదరకముందే రోమ్, తర్వాత పారిస్, తోట మూసేలోపు ఆమ్‌స్టర్‌డామ్.