నెప్ట్యూన్ టవర్స్ వినాలా, టైమ్‌వేవ్ జీరో వినాలా?

రెండూ మెటల్ (మోతెక్కువ రాక్) వాళ్లు చేసిన సింథసైజర్ (ఎలక్ట్రానిక్ కీబోర్డ్) ఆల్బమ్‌లే. రెండింట్లోనూ రెండేసి పొడవైన ట్రాక్‌లే. డ్రమ్స్ మోత, అరుపులు ఎక్కడా లేవు.

నార్వే బ్లాక్ మెటల్ బ్యాండ్ డార్క్‌త్రోన్‌లో డ్రమ్స్ వాయించే ఫెన్రిజ్, నెప్ట్యూన్ టవర్స్ పేరుతో 1994లో ఒక్కడే చేసిన ఆల్బమ్ 'కారవాన్స్ టు ఎంపైర్ ఆల్గోల్'. 1970ల జర్మన్ సింథ్ సంగీతం మీద అతనికున్న ఇష్టం అడుగడుగునా వినిపిస్తుంది. శబ్దం గరుకుగా, చల్లగా ఉంటుంది. రాత్రి లైట్లార్పి వింటే మనుషుల్లేని గ్రహం మీద ఒంటరిగా నడుస్తున్నట్టే ఉంటుంది. ఆ ఒంటరితనమే దాని బలం, సొగసు కూడా.

డెన్వర్ డెత్ మెటల్ బ్యాండ్ బ్లడ్ ఇన్‌కాంటేషన్ 2022లో తెచ్చిన 'టైమ్‌వేవ్ జీరో' నలుగురూ కలిసి చేసింది. అందులోని ట్రాక్‌లు 'ఇయో', 'ఇయా' ఒక్కోటి సుమారు ఇరవై నిమిషాలు, నాలుగేసి భాగాలు. రికార్డింగ్ శుభ్రంగా ఉంటుంది, ఒక్కో పొర నెమ్మదిగా తెరుచుకుంటుంది. సింథ్ సంగీతం మీద ఇష్టం వాళ్లకి నాలుగు రోజుల మోజుగా ఆగిపోలేదు. 2024 ఆల్బమ్‌లో జర్మన్ సింథ్ బ్యాండ్ టాంజరీన్ డ్రీమ్‌కి చెందిన థోర్స్టెన్ క్వేష్నింగ్ వాళ్లతో కలిసి వాయించారు.

ఇలా వాతావరణంలా నెమ్మదిగా పరుచుకునే ఆంబియెంట్ సంగీతం కొత్తయితే 'టైమ్‌వేవ్ జీరో'తో మొదలుపెట్టండి, హాయిగా లోపలికి తీసుకెళ్తుంది. నేను మాత్రం మళ్లీ మళ్లీ ఫెన్రిజ్ దగ్గరికే వెళ్తాను. మంచి హెడ్‌ఫోన్స్ ఉంటే చాలు.