చవక ఉలుల సెట్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

నా దగ్గరున్నది నాలుగు ఉలుల సెట్: 6, 12, 18, 25 మిల్లీమీటర్లు. క్రోమ్ వనేడియం ఉక్కు, బీచ్ చెక్క పిడి, పిడికి రెండు చివర్లా ఇనుప పొన్నులు. అంచులు పక్కలకి వాలుగా ఉండే బెవెల్ ఎడ్జ్ రకం. అమ్మే సెట్లన్నిటిలో దాదాపు అన్నిటికన్నా తక్కువ ధర దీనిదే. కొన్నేళ్లుగా డ్రాయర్లు, స్టూళ్లు, తలుపు బందులు కూర్చునే గాడులు, అన్నీ వీటితోనే చేస్తున్నాను. ఇప్పటికీ రోజూ బల్ల మీద ఉండేవి ఇవే. కాబట్టి కొనమనే చెబుతాను. కానీ కొనేముందు చూడాల్సింది ఒకటుంది, దాన్ని చాలామంది చూడరు.

అదే ఉలి వెనుక తలం. ఉలి పదును అంటే రెండు తలాలు కలిసే గీత. ఒకటి ముందువైపు వాలు, రెండోది వెనుక చదును. వాలుని అందరూ సాన పడతారు. వెనుక చదునుగా లేకపోతే ఆ వాలుని ఎంత రుద్దినా అంచు సరిగ్గా తేలదు, పైగా చెక్క మీద ఆనించి సన్నగా చెక్కేటప్పుడు ఉలి నిలకడగా ఉండదు. ధర తగ్గించాలంటే తయారీదారు ముందుగా తగ్గించేది ఈ వెనుక తలం మీద పెట్టే శ్రమనే. అందుకే కొనేటప్పుడు స్టీలు స్కేలు ఒకటి వెంట ఉంచుకోండి. స్కేలు అంచుని ఉలి వెనుక నిలువునా ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టండి. మధ్యలో సన్నటి వెలుగు గీత కనిపిస్తే తలం కొద్దిగా లోపలికి ఉందన్నమాట. దాంతో ఇబ్బంది లేదు, సానరాయి మీద కొస త్వరగా చదునవుతుంది. మధ్య ఉబ్బి, స్కేలు అటూ ఇటూ ఊగితే ఆ ఉలి వద్దు. రాయి మీద కూడా అలాగే ఊగుతుంది, చదును చేయడం నరకం. నా సెట్లో మూడు లోపలికున్నాయి, 25 మాత్రం ఉబ్బుగా వచ్చింది. ఆ ఒక్కదానికి పట్టినంత సేపు మిగతా మూడిటికీ కలిపి పట్టలేదు.

వెనుక అంతా అద్దంలా మెరవాల్సిన పనిలేదు. కొస నుంచి రెండు మూడు సెంటీమీటర్లు చాలు. మందపాటి గాజు పలక మీద గరుకు కాగితం అంటించి 120 నంబరుతో (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) మొదలుపెట్టి 240, 400, 800 దాకా వెళ్లి, తర్వాత 1000 సానరాయి మీదికి తెచ్చాను. ముందే ఉలి మీది వార్నిష్ పూత తుడిచేయాలి, లేకపోతే అది కాగితాన్ని జిగురు పట్టిస్తుంది. అసిటోన్‌తో సులువుగా పోతుంది. ఈ చాకిరీ ఉలికి జీవితంలో ఒక్కసారే.

ఉక్కు సంగతి. కొత్తలో అంచు త్వరగా పోయింది, చిన్న చిన్న పెచ్చులు లేచాయి. సెట్ బాగాలేదనుకోవడానికి అది సరిపోదు. ఫ్యాక్టరీలో గట్టిపరిచేటప్పుడు, సాన పట్టేటప్పుడు సన్నటి కొసకే వేడి ఎక్కువ తగులుతుంది, అందుకే ఆ మొదటి కాస్త ఉక్కు దెబ్బతినే అవకాశం ఎక్కువ. నాలుగైదు సార్లు సాన పట్టి ఆ భాగం అరిగిపోయాక అంచు స్పష్టంగా మెరుగైంది. ఇలాంటి ఉక్కు సాధారణంగా రాక్‌వెల్ అనే గట్టిదనం కొలతలో 58 నుంచి 60 మధ్య ఉంటుంది. మంచి జపాన్ ఉలులు 62 దాటతాయి, పదును ఎక్కువసేపు నిలుస్తుంది, కానీ సాన పట్టడానికీ ఎక్కువసేపు పడుతుంది, కొస పెళుసుగా ఉంటుంది. నేర్చుకునేవాళ్లకి మెత్తటి ఉక్కే నయం అని నా గట్టి నమ్మకం. రాయి మీద తొందరగా లొంగుతుంది, సాన పట్టే అలవాటు చేతికి అబ్బుతుంది. పైన్ చెక్కలో పని చేస్తుంటే అంచు చాలాసేపు నిలుస్తుంది. టేకులో మాత్రం కాదు. ఆ చెక్కలో సిలికా ఉంటుంది, ఏ ఉలినైనా తింటుంది.

వాలు 25 డిగ్రీలతో వచ్చింది. చేత్తో నెట్టి చెక్కే పనికి అది సరే. సుత్తితో కొట్టి తొలిచే పనికి కొసన సన్నగా 30 డిగ్రీల రెండో వాలు పెట్టాను, పెచ్చులు లేవడం ఆగింది. సాన పట్టేటప్పుడు ఉలిని ఒకే కోణంలో పట్టి ఉంచే హోనింగ్ గైడ్, పక్కల నుంచి బిగించే మామూలు రకం అయితే ఉలి 40 మిల్లీమీటర్లు బయటికి ఉంటే 25 డిగ్రీలు, 30 మిల్లీమీటర్లు ఉంటే 30 డిగ్రీలు వస్తాయి. బల్లకి ఆ కొలతల్లో రెండు చెక్క ముక్కలు కొట్టేసుకుంటే ఇక టెన్షన్ లేదు. కరెంటు గ్రైండర్ వాడేవాళ్లు ఉలిని మాటిమాటికీ నీళ్లలో ముంచాలి. కొస నీలంగా మారిందంటే అక్కడి ఉక్కు మెత్తబడినట్టే, ఆ రంగున్నంత మేరా అరగదీసుకోవాలి.

ఈ సెట్లో నాకు నిజంగా నచ్చనిది పక్క అంచుల మందం. బెవెల్ ఎడ్జ్ అని పేరే గానీ వాలు పక్కల కింది దాకా దిగలేదు. డవ్‌టెయిల్ జాయింట్ (పావురం తోక ఆకారపు పళ్లతో రెండు చెక్కల్ని కలిపే అతుకు) మూలల్లోకి వెళ్లాలంటే ఆ మందం అడ్డొచ్చి పక్క చెక్కని నలిపేస్తుంది. 12 ఉలి పక్కల్ని గరుకు కాగితం మీద ఓపిగ్గా అరగదీశాను, ఇప్పుడు బాగా దూరుతుంది. డవ్‌టెయిల్సే మీ ప్రధాన పని అయితే ఇంకొంచెం ఖర్చు పెట్టి పక్కలు పలచగా ఉన్నవి తీసుకోండి.

పిడులు చేతికి హాయిగా ఉన్నాయి. గాలి పొడిబారినప్పుడు చెక్క కుంచించుకుని ఒక పొన్ను వదులైంది, ఎపాక్సీతో అంటించాక మళ్లీ కదల్లేదు. చెక్క సుత్తే వాడండి. ఇనుప సుత్తితోనే కొట్టే అలవాటుంటే ప్లాస్టిక్ పిడివి మేలు. కూడా వచ్చిన, ఉలి కొసలకి తొడిగే ప్లాస్టిక్ టోపీలు లోపల చెమ్మ పట్టి ఉంచుతాయి, తుప్పు అక్కడే మొదలవుతుంది. నేను వాటిని తీసేసి, పని అయ్యాక పలచగా మెషిన్ ఆయిల్ రాస్తున్నాను.

పన్నెండు ఉలుల సెట్లు చూడ్డానికి ఊరిస్తాయి. నాలుగు చాలు. చెక్క మందంలో మూడోవంతు వెడల్పున తొలవాలన్నది పాత లెక్క, 18 మిల్లీమీటర్ల పలకకి 6 ఉలి సరిగ్గా సరిపోతుంది. బందుల గాడికి 25, మిగతా అంతా 12, 18. అలా మిగిలిన డబ్బుతో 1000/6000 సానరాయి, పదునుకి చివరి మెరుగు పెట్టడానికి ఒక తోలు ముక్క, దాని మీద రాసే ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ పేస్టు కొనండి. రోజూ ఉలితోనే బతికేవాళ్లకి, పెట్టె తెరవగానే పని మొదలుపెట్టాలనుకునేవాళ్లకి ఈ సెట్ సరిపడదు. లోతైన తొలుపులు ఎక్కువగా చేసేవాళ్లు దీని 6 ఉలిని మీట వేయడానికి వాడకండి, వంగుతుంది. దానికి మందపాటి మోర్టైజ్ ఉలి ఒకటి విడిగా తెచ్చుకోండి.