రెండేళ్లుగా మా క్లినిక్‌లో ఎక్స్‌రేలు చదువుతున్న ఏఐ

విజయవాడలో కుక్కలకు, పిల్లులకు వైద్యం చేసే చిన్న క్లినిక్ మాది. ఇద్దరమే డాక్టర్లం, రేడియాలజిస్టు లేరు. రెండేళ్ల క్రితం ఎక్స్‌రేలు చదివే ఏఐ సర్వీసు ఒకటి తీసుకున్నాం. ఫిల్ము పంపిస్తే, నెట్ బాగున్న రోజు ఐదు నిమిషాల్లో రిపోర్టు వస్తుంది. కంపెనీ పేరు చెప్పను, కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి.

బాగా పనికొచ్చింది గుండె కొలతకి. పక్కకు పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో గుండె పొడవు, వెడల్పు కొలుస్తాం. ఆ రెండింటినీ ఛాతీలోని నాలుగో వెన్నుపూస దగ్గర నుంచి వెన్నెముక మీద పరిచి, ఎన్ని పూసలు పట్టాయో లెక్కపెట్టి కూడతాం. 1995లో బుకానన్ పరిచయం చేసిన పద్ధతి ఇది. కుక్కల్లో సగటు 9.7, 10.5 దాటితే గుండె పెరిగిందేమోనని అనుమానం. ఓపీ కిటకిటలాడుతున్నప్పుడు నేను కొలిస్తే అదే ఫిల్ముకి ఒకసారి 10.3, ఇంకోసారి 10.8 వచ్చేది. మిట్రల్ వాల్వు (గుండెలో ఎడమవైపు కవాటం) జబ్బున్న ముసలి పొమరేనియన్ విషయంలో ఆ తేడా చిన్నది కాదు. గుండె పెరిగిన దశలోనే పిమోబెండాన్ అనే గుండె మందు మొదలుపెడితే హార్ట్ ఫెయిల్యూర్ దాదాపు 15 నెలలు వెనక్కి జరుగుతుందని 2016లో వచ్చిన ఎపిక్ అధ్యయనంలో తేలింది. ఏఐ మాత్రం ఒక ఫిల్ముకి ఎన్నిసార్లు అడిగినా ఒకే అంకె చెబుతుంది. ఆర్నెల్ల కిందటి ఫిల్ముతో పోల్చుకోవడానికి హాయి.

లాబ్రడార్లు, పగ్గులు వస్తేనే తంటా. వీటికి ఆరోగ్యంగా ఉన్నా కొలత ఎక్కువే. మేం వాడే సర్వీసు అన్ని జాతులకీ ఒకటే గీత గీస్తుంది. ఒకాయన ఫోన్లో రిపోర్టు చూసుకుని రాత్రి పదకొండింటికి ఫోన్ చేశారు: "డాక్టరు గారూ, మావాడికి గుండె పెరిగిందంటగా!" వాడు నిక్షేపంగా ఉన్న లాబ్. ఆ టెన్షన్ చూశాక రిపోర్టులు నేరుగా ఓనర్లకు పంపడం మానేశాం.

కుక్క కాస్త ఒరిగినప్పుడు తీసిన ఫిల్ములకు ఏఐ లేని న్యుమోనియా ఉందంటుంది. నేను గమనించని పక్కటెముక పగులు రెండుసార్లు పట్టుకుంది, అదీ చెప్పాలి.

అసలు దెబ్బ గత వేసవిలో తగిలింది. మూడేళ్ల కుక్క, రెండు రోజులుగా వాంతులు. పొట్ట ఎక్స్‌రేకి 'ఫారిన్ బాడీ లేదు' అని, అంటే మింగిన వస్తువేదీ లోపల లేదని రిపోర్టు. పేగులో ఒకచోట మాత్రం గాలి మామూలుకన్నా ఎక్కువగా ఉంది. మాటల్లో మాటగా అడిగితే ఇంటావిడ, "బంగినపల్లి టెంకలు చెత్తబుట్టలో వేశామండీ, ఎవరు లెక్కపెడతారు?" అన్నారు. స్కానింగ్ చేస్తే చిన్నపేగులో టెంక. ఎముకలా, రాయిలా టెంక ఎక్స్‌రేలో తెల్లగా పడదు. ఆపరేషన్ చేసి తీశాం, కుక్క కోలుకుంది.

కోపం నా మీదే వచ్చింది. ఆ రోజు ఫిల్ము చూడకముందే రిపోర్టు తెరిచాను. 'లేదు' అని చదివాక, కళ్లెదురుగా ఉన్న గాలిని కూడా తేలిగ్గా తీసుకున్నాను. ఆవిడ టెంకల మాట ఎత్తకపోతే మందులు రాసి ఇంటికి పంపేవాణ్ణే. ఇప్పుడు ముందు నాకు తోచింది కేసు షీటులో రాసి, ఆ తర్వాతే రిపోర్టు తెరుస్తున్నాను.

ఈ ఏడాదికీ డబ్బు కట్టాం, ఛాతీ ఫిల్ములకు మాత్రమే. మామిడి పళ్ల రోజుల్లో వాంతులతో వచ్చిన కుక్కని, ఎక్స్‌రే ఎలా ఉన్నా, స్కానింగ్ బల్ల ఎక్కిస్తున్నాం.